దిబ్బ మీద ఆడవాళ్ళ గది

తమ్ముడు ఇంటికొచ్చి, కుండలో నీళ్ళు తనే ముంచుకు తాగి, "బాగున్నావా అక్కా" అన్నాడంటే ఏదో పని పడిందన్నమాటే. వాడు నిక్కర్లు వేసుకునే రోజుల నుంచీ వలలక్కకి ఈ సంగతి తెలుసు. తెలిసినా ఆ పిలుపు చెవిన పడగానే ఆమె చేతిలో సూది నెమ్మదిస్తుంది. ఏం చేస్తాం, ఎంత గట్టి మనిషికైనా ఎక్కడో ఒకచోట మెత్తదనం ఉంటుంది. ఆమెకి అది తమ్ముడి దగ్గర ఉంది.

అప్పుడామె వసారాలో కాళ్ళు చాపుకు కూర్చొని, వల అంచుని కాలి బొటనవేలికి తగిలించి బిగబట్టుకొని, తెగిన కళ్ళు కలుపుతోంది. వలలో ఒక్కో గడినీ కన్ను అంటారు. ఒక కన్ను తెగితే చుట్టుపక్కలవి వదులవుతాయి. అందుకని ముందు చుట్టూ ఉన్న పీచు కొసలన్నీ కోసి పారేసి, చిరుగుని ఇంకాస్త పెద్దది చేసుకోవాలి, ఆ తర్వాతే కొత్త దారం ఎక్కించాలి. పెద్దది చెయ్యడానికి చాలామందికి చేతులు రావు. ఉన్నదాన్ని ఉన్నట్టే లాగి ముడేస్తారు, అది నాలుగు నాళ్ళకే జారిపోతుంది. వలలక్క అలా చెయ్యదు. అందుకే రేవులో వలలు బాగుచేసే ఆడవాళ్ళు ఇంకా ఉన్నా, పెద్ద వలలన్నీ ఆమె గుమ్మానికే వస్తాయి.

"దిబ్బ మీద మీ గది తాళంచెవి ఓసారి ఇస్తావా?" అన్నాడు తమ్ముడు.

"నీకెందుకురా?"

"తలుపు బిగుసుకుంటోందని మీరేగా అన్నారు. వానలకి ఉబ్బిందంటే ఇక తెరుచుకోదు. వడ్రంగిని తీసుకెళ్ళి కాస్త చిత్రిక పట్టిస్తా."

లోపల మంచం మీద నుంచి అమ్మ అందుకుంది. "ఇవ్వవే. వాడేమన్నా పరాయివాడా?"

పరాయివాడు కాడు. పైగా పడవల సంఘానికి ప్రెసిడెంటు. ఆ గది ఉందంటే వాడి మాట వల్లే. రేవు పల్లంలో ఉంది, సముద్రం ఏటికేడు ఒక్కో అడుగు లోపలికి వస్తోంది. కిందటిసారి నీళ్ళు ఇళ్ళలోకి వచ్చినప్పుడు జనమంతా బడిలో తలదాచుకున్నారు. మగవాళ్ళు గోడ మూలకి పోయి నిలబడితే వాళ్ళ పని అయిపోయేది. ఆడవాళ్ళకి పోయే చోటు లేదు. అందుకని మంచినీళ్ళు తాగడం మానేశారు. మోకాళ్ళు దగ్గరికి పెట్టుకొని, ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా కూర్చున్నారు. నీళ్ళు తీసిన తర్వాత సగంమంది మూత్రంలో మంటతో, జ్వరంతో పడుకున్నారు. అది వరద జ్వరమని మగవాళ్ళు అనుకున్నారు, పాపం.

ఆ తర్వాత బయటి నుంచి ఎవరో వచ్చి, ఎత్తుగా దిబ్బ పోసుకుంటే దాని మీద గట్టి ఇల్లు కట్టిస్తామన్నారు. మట్టి మేం మోస్తాం, ఒక గది మాకు వదలండి, మరుగుదొడ్డి అందులోనే ఉండాలి అని ఆడవాళ్ళు అడిగారు. పడవల సంఘం షెడ్డులో నవ్వులు లేచాయి. అప్పుడు లేచి నిలబడింది తమ్ముడే. "మట్టి మోసేది వాళ్ళయితే గది వాళ్ళది కాక ఎవరిది?" అన్నాడు. ఆ పూట వలలక్క నడుస్తుంటే కాళ్ళు నేలకి ఆనలేదు. ఎండాకాలమంతా కాలవ ఒడ్డున బంకమన్ను తవ్వి, తట్టలకెత్తి, నడినెత్తి జుట్టు ఊడేదాకా మోశారు. మగవాళ్ళు పడవల మీద ఉన్నారు, లేనివాళ్ళు చెట్టు నీడన ఉండి సలహాలు చెప్పారు. గది లేచాక తాళంచెవి ఎవరి దగ్గర ఉండాలంటే, అందరూ వలలక్క పేరే చెప్పారు.

ఆమె కొంగు ముడి విప్పి తాళంచెవి తమ్ముడి చేతిలో పెట్టింది.

వాడు వసారా దిగుతూ, దారికి అడ్డంగా పరిచి ఉన్న వల మీద కాలేసి దర్జాగా దాటి వెళ్ళాడు. వాడు వెయ్యొచ్చు. ఆడవాళ్ళు వెయ్యకూడదు. ఆడమనిషి వల ఉతకొచ్చు, ఆరెయ్యొచ్చు, కుట్టొచ్చు, నెత్తిన పెట్టుకొని రేవుదాకా మొయ్యొచ్చు. కాలు మాత్రం తగలకూడదు, దాటకూడదు. దాటితే ఆ వలకి చేప పడదట. చేత్తో ముట్టుకుంటే లేని తప్పు కాలితో తగిలితే ఎందుకొస్తుందని ఎవరూ అడగలేదు. వలలక్క కూడా అడగలేదు. తన వసారాలో పరిచిన వల దాటాల్సొస్తే, ఆమె తన ఇంటిని తనే చుట్టి పెరటి గుమ్మంలోంచి వచ్చేది.

*

తుఫాను వస్తోందని మైకు బండి వచ్చి చెప్పి వెళ్ళిన మర్నాడు పొద్దున్నే నీళ్ళు వీధిలోకి వచ్చాయి. మధ్యాహ్నానికి మోకాలు దాటాయి. వలలక్క బట్టల మూట చంకన పెట్టుకొని, అమ్మని రెక్క పట్టుకు నడిపిస్తూ దిబ్బ ఎక్కింది. పోసిన మట్టి జారకుండా నిలబడింది. ఎక్కుతూ ఎక్కుతూ ప్రతి ఆడమనిషీ ఆ మాట పైకి అంది, గర్వంగానే అంది.

పైన ఇంటి వసారాలోకి వచ్చేసరికి ఆడవాళ్ళంతా గది ముందే నిలబడి ఉన్నారు. తలుపు బార్లా తెరిచి ఉంది. ఒక్కరూ లోపలికి పోవడం లేదు. ముందుకి తోసుకొని చూస్తే లోపలంతా వలలు. గోడ నుంచి గోడదాకా, మోకాలెత్తున, ఒకదాని మీద ఒకటి పరిచి ఉన్నాయి. వలని తేల్చే బెండ్లు, సీసపు గుండ్లు, మోకులు అన్నీ అందులోనే. అవతలి గోడకి దొడ్డి తలుపు ఆకుపచ్చ రంగులో కనిపిస్తోంది. పట్టుమని పదడుగులు ఉండదు. ఆ పదడుగులూ వలలే.

"తాళంచెవి నీ దగ్గరే కదమ్మా ఉంది?" అంది ఐసుపెట్టె పిన్ని. వీధులు తిరిగి చేపలమ్మే మనిషి, గొంతు పెద్దది. కానీ ఈ మాట మెల్లగానే అంది, అందుకే ఎక్కువ తగిలింది.

"తలుపు బాగుచేయిస్తానంటే తమ్ముడికి ఇచ్చాను."

దర్జీ అమ్మాయి తన కుట్టు మిషను తలకాయని పాత చీరలో చుట్టుకొని ఎత్తుకొచ్చింది. దాన్ని లోపల పెట్టబోయి, మళ్ళీ వసారాలోనే గోడకి ఆనించి పెట్టింది. వలలక్కకి మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఒళ్ళంతా తడిసి ఉంది, చెవులు మాత్రం కాలిపోతున్నాయి.

తమ్ముడు పడవలు కట్టేసి, నిలువునా తడిసి పైకి వచ్చాడు. "ఏంట్రా ఇది" అని ఆమె అడిగేలోగానే అందుకున్నాడు. "ఎక్కడ పెట్టమంటావక్కా? హాల్లో ఇంజన్లు పెట్టాం, బియ్యం పెట్టాం. షెడ్డులో వదిలేస్తే వలలు కొట్టుకుపోతాయి. వలలు పోతే రేపు ఏం తింటాం? నువ్వే చెప్పు."

"నాతో ఒక్క మాట చెప్పి ఉండొచ్చుగా."

"చెబితే ఒప్పుకునేవారా మీరంతా?" అని నవ్వాడు. ఆ నవ్వులో తప్పు చేశానన్న బెరుకు కూడా లేదు. "ఒక్క పూటేగా. కాస్త సర్దుకోండి. హాల్లోకి రండి, ఎవరు వద్దన్నారు?"

హాల్లో మగవాళ్ళు బారుగా పడుకొని ఉన్నారు. ఓ మూల పేకాట మొదలైంది. తల్లులు పసిపిల్లల్ని లోపల కూర్చోబెట్టి, తాము వసారాలోకే తిరిగి వచ్చారు. వాన ఏటవాలుగా కొడుతోంది. తెచ్చుకున్న చీరలు తాళ్ళకి కట్టి అడ్డం పెట్టుకున్నారు. గాలికి అవి పొట్టకి అంటుకుపోతున్నాయి.

మగవాళ్ళు ఒకరి తర్వాత ఒకరు లేచి, దిబ్బ అంచుకి పోయి, వీపు తిప్పి నిలబడి వచ్చారు. వాళ్ళు లేచినప్పుడల్లా ఆడపిల్లలు తల అటు తిప్పుకోవడం, మళ్ళీ ఇటు తిప్పుకోవడం. హాల్లోంచి ఎవరో బిందెతో మంచినీళ్ళు పంపించారు. బిందె చేతులు మారుతూ వసారా చివరిదాకా వెళ్ళి, నిండుగా ఉన్నది నిండుగానే తిరిగి వచ్చింది. ఆ బిందెని చూశాక వలలక్కకి ఒళ్ళు మండింది. మళ్ళీ బడిలోకే వచ్చి పడ్డాం, ఈసారి మట్టి మోసి మరీ వచ్చాం అనుకుంది.

అమ్మ గోడకి ఆనుకు కూర్చొని ఉంది. అమ్మ గట్టి పట్టింపు మనిషి. దగ్గు వచ్చినా కొంగు అడ్డం పెట్టుకొని శబ్దం రాకుండా దగ్గుతుంది. తెల్లారకముందే పెరటి పనులన్నీ ముగించుకుంటుంది, ఎవరి కంటా పడదు. అలాంటి అమ్మ, కుడికాలి బొటనవేలితో ఎడమ పాదాన్ని రుద్దుకోవడం మొదలుపెట్టింది. కాసేపటికి పెదవి కొరుక్కుంది.

"అమ్మా, వెళ్ళాలా?"

"నాకేం లేదు. నీ పని చూసుకో."

ఇంకాసేపటికి ఆమె చెయ్యి కూతురి మోచేతిని పట్టుకుంది. గోళ్ళు దిగాయి. ముసలి మనిషి వేళ్ళలో అంత బలం ఎక్కడిదో. "అమ్మాయ్" అంది, గొంతులో ఏడుపు ఆపుకుంటూ. "ఇంతమందిలో నా పరువు పోయేట్టుందే."

"లే. గదిలోకి పోదాం."

"వద్దు. వాడి వలలవి. కన్నతల్లినై ఉండి తొక్కి వాడి నోట్లో మన్ను కొట్టనా?"

"నువ్వు తొక్కొద్దులే" అంది వలలక్క. "నేను తొక్కుతా."

ముందుకి వంగి, అమ్మ చేతులు రెండూ తన మెడ చుట్టూ వేసుకొని, మోకాళ్ళ కింద చేతులు దూర్చి వీపు మీదికి ఎత్తుకుంది. అమ్మ బరువేమీ లేదు. మట్టి తట్ట ఇంతకంటే బరువు. గడప దగ్గర ఒక్క క్షణం ఆగింది. ఆగకుండా ఎలా ఉంటుంది, పుట్టి బుద్ధెరిగాక వల మీద కాలు పెట్టలేదు. పెట్టింది. సీసపు గుండ్లు అరికాలిలో గుచ్చుకున్నాయి. బెండు కింద దొర్లితే తూలి నిలదొక్కుకుంది. వెలిసిన దారంలో అక్కడక్కడా కొత్త దారం మెరుస్తోంది, అదంతా తన చేతి పనే. వాటి మీదే అడుగులు వేసుకుంటూ ఆకుపచ్చ తలుపుదాకా వెళ్ళింది.

అమ్మని లోపలికి పంపి, వెనక్కి తిరిగి నిలబడింది. గడపలో తమ్ముడు ఉన్నాడు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. వాడు మొహం పక్కకి తిప్పుకొని వెళ్ళిపోయాడు. సిగ్గుపడ్డాడనుకుంది. ఆ ఒక్క ఆలోచనతో ఆమెకి కోపం సగం దిగింది. వాడు సిగ్గుపడితే చాలు, అంతకంటే ఆమె ఏమీ కోరలేదు.

అమ్మని మోసుకొని తిరిగి వచ్చేసరికి వసారాలో అందరి కళ్ళూ ఆమె కాళ్ళ మీదే ఉన్నాయి. ముందు లేచింది మరదలు, తమ్ముడి భార్య. చంకలో పిల్లని ఎత్తుకొని, చీర కుచ్చిళ్ళు దోపుకొని, గడప దాటి వలల మీద నడిచి వెళ్ళిపోయింది. ఆ తర్వాత దర్జీ అమ్మాయి. ఆ తర్వాత, "ఏమైతే అయింది, పొట్ట పగిలేట్టుంది" అంటూ ఐసుపెట్టె పిన్ని. సాయంత్రానికి వలల మధ్య కాలిబాట పడింది. మంచినీళ్ళ బిందె ఖాళీ అయ్యి, మళ్ళీ నిండి వచ్చింది.

*

నీళ్ళు తీశాయి. బురద ఎత్తిపోసుకున్నారు. పడవలు వెళ్ళాయి, వెళ్ళినవి వెళ్ళినట్టే వచ్చాయి. ఐసు కరిగి నీళ్ళై రేవులోకి పారింది గానీ దాని మీద పెట్టడానికి చేప లేదు. రెండోసారి వెళ్ళారు, మూడోసారి వెళ్ళారు. ఎప్పుడూ తిరిగే చోట్లు దాటి చాలా దూరం పోయినా దొరికింది కూరకి చాలలేదు.

ఇది కొత్త సంగతి కాదు. ఏటికేడు చేప తగ్గుతూనే ఉంది. దిబ్బకి సాయం చేసిన వాళ్ళు వచ్చినప్పుడు ఆ సంగతే చెప్పారు. వాళ్ళు చెప్పింది ఎవరికీ బుర్రకెక్కకపోతే, ఇదే తమ్ముడు వలలక్క వసారాలో కూర్చొని అందరికీ విడమర్చి చెప్పాడు. "పొయ్యి మీద నీళ్ళు పెడితే కాగుతాయా లేదా? సముద్రం కూడా కాగుతోంది. పొయ్యి వెలిగించింది మనం కాదు. ఎక్కడెక్కడో పెద్ద పెద్ద ఊళ్ళ పొగ అది. చేప చల్లదనం వెతుక్కుంటూ లోతుకి పోతోంది." ఎంత తేలిగ్గా చెప్పాడో అని ఆమె మురిసిపోయింది. కుట్టు ఆపి మరీ విన్నది.

ఇప్పుడు రేవులో వేరే మాట మొదలైంది. ముందు ఇద్దరు ముగ్గురు టీ కొట్టు దగ్గర గుసగుసలాడుకున్నారు. ఆ తర్వాత గుసగుస కాస్తా మామూలు గొంతు అయింది. ఆడవాళ్ళు వలలు తొక్కారట. ఎవరు తొక్కారు? వలలక్క. కళ్ళారా చూసింది ఎవరు? ప్రెసిడెంటే చూశాడు.

షెడ్డులో మీటింగు పెట్టారు. మగవాళ్ళు బెంచీల మీద, ఆడవాళ్ళు వెనక నిలబడి. ముసలి సరంగు అందరికంటే పెద్దవాడు, ఎన్ని తుఫాన్లలోంచో పడవల్ని ఒడ్డుకి చేర్చిన మనిషి. ఆయన కోపంగా ఏమీ అడగలేదు. "నువ్వు పుట్టినప్పటి నుంచీ చూస్తున్నానమ్మా. నిజం చెప్పు. తొక్కావా?"

"తొక్కాను తాతా. అమ్మని మోసుకెళ్ళాను. ఇంకో దారి లేదు."

"అడిగితే మేం తీసేవాళ్ళం కదా" అన్నాడు బెంచీ మీద ఒకడు. ఆ పొద్దంతా వాడు పేకాట మీంచి తలెత్తలేదు.

సరంగు అమ్మ వైపు తిరిగాడు. అమ్మ కొంగు భుజం చుట్టూ కప్పుకొని, కర్ర మీద రెండు చేతులూ పెట్టి నిలబడింది. వలలక్క ఆమె మొహంలోకి చూసింది. అమ్మ నోటి నుంచి ఒక్క మాట వస్తే చాలు, ఆ పూట తనకెంత కష్టమైందో చెబితే చాలు, ఎవరూ నోరెత్తరు.

అమ్మ కొడుకు వైపు ఓసారి చూసింది. "నేను వద్దు వద్దంటూనే ఉన్నాను" అంది. "అదే నన్నెత్తుకుపోయింది. నా కాలు మాత్రం వల మీద పడలేదు."

అందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు. కాదనడానికి ఏముంది? అమ్మ వద్దంది. అమ్మ కాలు పడలేదు. అన్నీ నిజాలే, అన్నీ కలిపి ఆమె గొంతు పట్టుకున్నాయి.

ఆమె తమ్ముడి వైపు తిరిగింది. "తాళంచెవి నా దగ్గర ఏం చెప్పి తీసుకున్నావో చెప్పరా. సముద్రం ఎందుకు కాగుతోందో నా వసారాలో కూర్చొని చెప్పావుగా. అది కూడా చెప్పు."

"అది వేరు, ఇది వేరు అక్కా. ఇప్పుడవన్నీ ఎందుకు?" అన్నాడు వాడు, నేల చూస్తూ. తర్వాత గొంతు సవరించుకొని, మగవాళ్ళ వైపు తిరిగి, ప్రెసిడెంటులా మాట్లాడాడు. "మా అక్క తరఫున నేను తప్పు ఒప్పుకుంటున్నాను. ఇక మీదట ఆమె వలలు ముట్టుకోదు. దిబ్బ మీద గది వలలకే ఉంచుదాం. ఈసారి నీళ్ళొస్తే ఆడవాళ్ళు హాల్లోనే సర్దుకుంటారు."

తన తరఫున తప్పు ఒప్పుకోమని వాడికెవరు చెప్పారు? వలలక్క వెనక్కి తిరిగి చూసింది. ఐసుపెట్టె పిన్ని తన గోళ్ళు చూసుకుంటోంది. దర్జీ అమ్మాయి టేపు వేలికి చుడుతోంది, విప్పుతోంది. మరదలు పిల్లని ఈ చంక నుంచి ఆ చంకకి మార్చుకుంది. ఆ గదిలో నడవని ఆడమనిషి ఆ షెడ్డులో ఒక్కరూ లేరు. నోరు విప్పింది కూడా ఒక్కరూ లేరు. బెంచీల మీద వాళ్ళు చేసిన దానికి కోపం వచ్చింది. వెనక నిలబడ్డ వాళ్ళు చేసిన దానికి మాత్రం ఏడుపు వచ్చింది. ఏడవకుండా ఇంటిదాకా నడిచింది, అమ్మని రెక్క పట్టుకొనే.

ఇంటికొచ్చాక అడిగింది. "ఎందుకమ్మా అలా అన్నావు?"

అమ్మ మంచం మీద కూర్చొని మోకాలు నొక్కుకుంటోంది. "నలుగురిలో వాడి తల వంగితే మళ్ళీ లేవదే. నిన్నంటే ఏమైంది? నువ్వు తట్టుకుంటావు."

అది మెచ్చుకోలు అనుకొనే అంది ఆ పిచ్చితల్లి. వలలక్క లేచి పెరట్లోకి పోయింది. కడిగిన గిన్నెలే మళ్ళీ కడిగింది.

*

పెద్ద వలలు తమ్ముడి ఇంటికి చేరాయి. ఇక మీదట మరదలు బాగుచేస్తుందని వాడు రేవులో చెప్పేశాడు. మరదలికి చెప్పలేదు. వాకిట్లో మోపులు దించుతుంటే ఆమె బయటికి వచ్చి చూసి, "ఇవేంటి?" అంది.

"కూర్చొని కుట్టు. మా అక్క దగ్గర నేర్చుకున్నావుగా."

మరదలు పిల్లకి ముక్కు తుడిచింది. కొంగుతో చేతులు తుడుచుకుంది. మోపు దించిన పడవ వాళ్ళు ఇంకా అక్కడే ఉన్నారు. "నేను ముట్టుకోకూడదుగా" అంది. "నేనూ తొక్కాను."

"నువ్వా?"

"వదిన వెనకే వెళ్ళాను. పిల్లతో మళ్ళీ మళ్ళీ వెళ్ళాల్సొచ్చింది." మీటింగులో అనాల్సిన మాట అది, వాకిట్లో అంటోంది. ఆమెకీ ఆ సంగతి తెలుసు.

పడవ వాళ్ళు మోపులు ఎత్తుకొని దర్జీ అమ్మాయి దగ్గరికి వెళ్ళారు. వాళ్ళు నోరు తెరవకముందే మరదలి మాట అక్కడికి చేరింది. దర్జీ అమ్మాయి మిషను ఆపకుండానే తానూ తొక్కానంది. మరో ఇల్లు, మరో వాకిలి. ఐసుపెట్టె పిన్నికి కుట్టు రాదు, ఆమెని ఎవరూ అడగలేదు, అయినా వీధిలోకి వచ్చి, "నేనైతే పోతూ తొక్కా, వస్తూ తొక్కా" అని అడగని వాళ్ళందరికీ చెప్పింది. సిగ్గుపడి చెప్పినవాళ్ళున్నారు, పని తప్పించుకోడానికి చెప్పినవాళ్ళూ ఉన్నారు. ఏదైతేనేం, వలలు వీధంతా తిరిగి మళ్ళీ తమ్ముడి వాకిట్లోకే వచ్చి పడ్డాయి. ఈ కబురు వలలక్కకి మరదలే వచ్చి చెప్పింది. వసారా మెట్టు మీద కూర్చొని, తల ఎత్తకుండా చెప్పింది.

"ఆ రోజు షెడ్డులో నోరు రాలేదు వదినా."

"తెలుసు" అంది వలలక్క. తిట్టాలని ఉంది, ఓపిక లేదు. పిల్లకి బెల్లం ముక్క పెట్టి పంపించింది.

పొద్దు వాలుతుండగా తమ్ముడు వచ్చాడు, వీధిలోంచి కాదు, పెరటి దారిలోంచి. వెంట ఇద్దరు పడవ వాళ్ళు రెండు పెద్ద మోపులు తెచ్చి, వంటింటి పెరటి గుమ్మం ముందే పడేసి వెళ్ళిపోయారు. వాడు నీళ్ళు ముంచుకు తాగాడు. "బాగున్నావా అక్కా" అన్నాడు.

వలలక్క పీట మీద కూర్చొని బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. చేట ఆగలేదు.

"ఏమీ అనుకోకు. తలుపేసుకొని లోపల కూర్చొని కుట్టు. నీ చెయ్యి పడితే గానీ ఇవి నీళ్ళలోకి పోవు. మీ మరదలు కుట్టిందని చెబుతా. ఎవరికీ తెలియదు."

"ఎవరికీ తెలియకుండా."

"కొన్నాళ్ళేనక్కా. జనం మర్చిపోయేదాకా."

"నేను తొక్కితే చేప పడదన్నావు. నేను కుడితే పడుతుందా?"

"నేనన్నానా? జనం అన్నారు. నాకు తెలియదా ఏంటి ఎందుకు పడటం లేదో?" అన్నాడు వాడు. అని, అన్నందుకు తనే కాస్త కంగారుపడి వెనక్కి చూసుకున్నాడు.

ఇదొక్కటే ఆమె ఇన్నాళ్ళూ నమ్మకుండా ఆగింది. వాడికి నిజంగా భయమేసిందేమో, చేప లేక మతి చెదిరి నమ్మాడేమో అని వాడి తరఫున తనలో తనే వాదించుకుంది. వాడు నమ్మలేదు. తెలిసి తెలిసి నలుగురి ముందూ ఆమెని అప్పగించాడు. గుండెల్లో ఏదో తెగింది. ఆమెకి ఆశ్చర్యం వేసింది, ఎందుకంటే తెగాక నొప్పి తగ్గింది.

"షెడ్డులో పదిమంది ముందు చెప్పు" అంది. "తాళంచెవి ఏమని తీసుకున్నావో చెప్పు. గదిలో వలలు ఎవరు పెట్టారో చెప్పు. గది మాకిచ్చెయ్. అప్పుడు కుడతాను, వసారాలో కూర్చొని."

"అలా ఎలా చెబుతానక్కా? నా పరువేం కావాలి?"

లోపలి నుంచి అమ్మ గొంతు వచ్చింది. "కుట్టి పెట్టవే. తమ్ముడేగా అడుగుతున్నాడు."

వలలక్క చేటలో బియ్యం కొసకి తెచ్చి రాళ్ళు ఊదింది. తమ్ముడు గోడకి ఆనుకొని నిలబడ్డాడు. ఆమె కరుగుతుందని వాడికి నమ్మకం, ఎప్పుడూ కరిగేదే. లోపల మంచం కిర్రుమంది. కర్ర నేల మీద ఆనిన చప్పుడు, అమ్మ మెల్లగా వంటింట్లోకి వచ్చిన చప్పుడు.

"అమ్మాయ్, పెరట్లోకి వెళ్ళాలే. ఓ చెయ్యివ్వు."

"నీ కొడుకు ఇక్కడే ఉన్నాడుగా" అంది వలలక్క.

తమ్ముడు గోడ వదిలి నిటారుగా నిలబడ్డాడు. అమ్మ వైపు ఒక అడుగు వేశాడు. చేతులు ముందుకి చాచి, ఎక్కడ పట్టుకోవాలో తెలియక, మళ్ళీ వెనక్కి తీసుకున్నాడు. అమ్మ చటుక్కున కొంగు సర్దుకుంది. గుమ్మం వైపు చూసింది. గుమ్మం నిండా వలలు, పెరట్లోకి పోయే దారి నిండా వలలు.

"వద్దులే" అంది అమ్మ. గోడ పట్టుకొని, పెదవి కొరుక్కొని, కొడుకుని చూసి నవ్వబోయింది. "వాడికేం తెలుసు ఇవన్నీ. కాసేపు ఆపుకుంటాను."

వలలక్క చేట కింద పెట్టింది. అమ్మ మీద అంత కోపంలోనూ, ఆ మాట వినడం ఆమె వల్ల కాలేదు. లేచి వెళ్ళి అమ్మ రెక్క పట్టుకుంది, నడుం చుట్టూ చెయ్యి వేసింది. గుమ్మం దాకా నడిపించింది. అక్కడ ఆగింది.

"తియ్యరా" అంది తమ్ముడితో.

"ఏంటి?"

"వలలు. అమ్మ నడవాలి, తియ్యి. తీసుకెళ్ళి నీ వాకిట్లో పెట్టుకో."

"వాటి మీంచే నడిపించవచ్చుగా అక్కా, ఎవరు చూస్తున్నారిప్పుడు" అనేశాడు వాడు.

అమ్మ తల తిప్పి కొడుకుని చూసింది. చాలాసేపు చూసింది. కూతురి భుజాన్ని గట్టిగా పట్టుకుంది. వాడు ఆ చూపు పట్టలేక కిందికి వంగాడు. మోపు ఒక కొస పట్టుకొని లాగాడు, రాలేదు. రెండు చేతులా పట్టుకొని, మడమలు నేలకి తన్నిపెట్టి, రొప్పుతూ పెరట్లోంచి వీధి వైపు ఈడ్చుకెళ్ళాడు. రెండో దాని కోసం తిరిగి రావాల్సి వచ్చింది. దారి మొత్తం ఖాళీ అయ్యేదాకా తల్లీ కూతుళ్ళిద్దరూ గుమ్మంలోనే నిలబడి ఉన్నారు.